చీకట్ల చూపు ఆనని కెమెరా

మా అమ్మది ఒక్క ఫొటో గూడ లేదు. ఆ కాలంల మాసొంటోళ్ళ ఇండ్లల్ల ఎవ్వలకున్నయి గనక. అమ్మ పోయిన్నాడు నాకు ఇంకా సక్కగ నడక రాలేదట. అక్క మాత్రం అప్పటికే నాట్లకు పోయే ఈడుది. అందుకే అమ్మ మొఖం అక్కకు ఎరుక, నాకు ఎరుకలేదు.

చిన్నప్పుడు అడుగుతుంటి, "అమ్మ ఎట్లుండె అక్కా?" అని.

"ముక్కు గిట్లుండె" అని తన ముక్కు వట్టి చూపెట్టేది.

"మరి కండ్లో?"

"కండ్లు కండ్లలెక్కనే ఉండె. పో, పోయి పిడకలు సర్దు."

కండ్ల సంగతి అడిగినప్పుడల్లా గట్లనే కసిరేది. పెద్దగైనంక నేను అడుగుడు బంద్ వెట్టిన.

గిదంతా ఎందుకు రాస్తున్ననంటె, అక్క మంచం వట్టిన ఏడాది నాకు ఒక్కటే రంది వట్టుకున్నది. అమ్మ మొఖం లెక్కనే అక్క మొఖం గూడ పోతది, నా కండ్లు మసకవడ్డంక అది గూడ యాదికుండది అని. అక్కది ఫొటో లేదా అంటే, ఉంది. ఆధార్ కార్డు మీద ఒక్కటి. అండ్ల కండ్లు మూసుకొని ఉంది. తీసినాయనకు "మల్లొక్కసారి తియ్యయ్యా" అని చెప్తే "వెనుక లైను జూడు" అన్నడు. పొయ్యి మీది గోడకు మసి వట్టినట్టుంటది ఆ ఫొటో. గది వెట్టి దండెయ్యాల్నా మా అక్కకు?

నేను అక్షరాలు నేర్చింది ముసలితనంల. పొదుపు సంఘంల వేలిముద్ర ఏసుడు శరమనిపించి, మనుమరాలి పలక మీద దిద్దిన. ఇప్పుడు ఏది దొరికితే అది చదువుత, బస్సు బోర్డులు, ఎరువు సంచులు, గోలీల అట్టలు. రాసుడు ఇంకా కొత్తనే. మాటలాడినట్టే రాస్తున్న, వేరేతీరు నాకు రాదు.

తెలంగాణ వచ్చి రెండు మూడేండ్లు అయితుండొచ్చు అప్పటికి. అక్క మొగడు పోయి ఎన్నో ఏండ్లాయె, నా మొగడు గూడ పోయిండు. అక్కకు పిల్లల్లేరు. నా బిడ్డ, అల్లుడు చౌటుప్పల్ దిక్కు గోలీల ఫ్యాక్టరీల జేస్తరు. ఇద్దరక్కచెల్లెండ్లం దేవరకొండ పక్కపొంటి ఊర్ల, మా బాపు కట్టిన గూనపెంకల ఇంట్ల ఉంటుంటిమి. ఒక్కటే అర్ర, ఒక్కటే తలుపు, కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం గూడ లోపల మనిషిని గొంతు వట్టి గుర్తువట్టాలె. బాపు దొంగలకు భయపడి గట్ల కట్టిండు. దొంగలు ఎత్కపోయేటందుకు మాకాడ ఏముండెనో బాపుకే ఎరుక.

అక్కకు కడుపు ఉబ్బింది, కాళ్ళకు నీరొచ్చింది. నల్గొండ పెద్ద దవాఖానల డాక్టరమ్మ చేతులు కడుక్కుంట, "ఇంటికి తీస్కపోండి, ఏం తినబుద్దయితే అది పెట్టండి" అన్నది. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు. బస్సు సగం దూరం వచ్చెదాంక ఇద్దరం కిటికీల నుంచి బయటికి జూసినం. ఆఖరికి అక్కనే అన్నది.

"అంటే కోడిని కొయ్యిమన్నట్టే గదనే?"

"కోస్త తియ్యి."

"తొడ నాకు. నువ్వు మెడ తిను, మాటలు తక్కువైతయి."

మంచం వట్టినంక అక్కకు పొద్దుపోకుంటయ్యింది. వాసాలు జూసుకుంట పండుకునేది. మునుపు హాలియా దిక్కు కాలువ కింద నాట్లకు పోయేటప్పుడు మా మందికి ఒక పాటల పెట్టె ఉండె, కార్డు ఏస్తే పాడేది. గట్టు మీద కట్టె నాటి దానికి తగిలిస్తుంటిమి. అక్కకు పాటలు పట్టవు, ఒగ్గు కథలే కావాలె. నాటేసుకుంటనే కథల ఉన్నోళ్ళను తిట్టేది. చెల్లెను మోసం జేసే అన్న ఒకడు వస్తడు ఒక కథల. వాడు వచ్చినప్పుడల్లా అక్క నడుము లేపి "థూ, నీ బతుకు జెడ" అని ఉమిసేది, మందంతా నవ్వేది. ఆఖరి కారు నాట్లల ఆ పెట్టె బురదల వడి పాడైంది.

"గా పెట్టెన్న ఉంటే కథ ఇంటుంటి" అని మంచంలకెల్లి రోజూ అంటాంది అక్క. గప్పుడు నాకు ఆలోచన వచ్చింది. కథ చెప్పేది, ఫొటో తీసేది, రెండూ ఒక్కదాంట్లనే ఉన్న సామాను తేవాలె. పేరు కథలది, పని ఫొటోది.

ఇంత ఉపాయం ఎందుకు, ఊర్ల ఎవల ఫోనుతోనన్న తీపిచ్చేదుండె గదా అనొచ్చు మీరు. మా దిక్కు మంచాన వడ్డోళ్ళ ఫొటో తియ్యరు. ఆయుష్షు తరుగుతదంటరు. ఆయుష్షు మాట నేను నమ్మ. కాని ఇంకో సంగతుంది. పానం బాగలేనోళ్ళ మొఖం ముంగట కెమెరా వట్టిన్రంటె గది గోడకు వెట్టెటందుకే అని ఆ మనిషికి తెలిసిపోతది. నువ్వు పోతున్నవు, మేము తయారున్నం అని చెప్పినట్టే. అయినా ఒక పోరన్ని అడిగిన. వాని చేతుల ఇంత పెద్ద ఫోనుంది. "అమ్మో, నేను తియ్య పెద్దమ్మా, రేపేమన్నయితే నా చెయ్యి మంచిది గాదంటరు" అని బండి ఎక్కి పోయిండు. వాన్ననుడు ఎందుకు.

దేవరకొండ బస్టాండు కాడ ఒక భాయ్ ఫోన్ల దుకాణం ఉంది. గడ్డం నెరిసిన మనిషి, నెమ్మదిగ మాట్లాడుతడు. పోయి నిలవడ్డ.

"భాయ్, కథలు ఇనాలె, ఫొటో తియ్యాలె. ఏదన్న ఉంటే చూపెట్టు."

రెండు తీసి అద్దాల బల్ల మీద వెట్టిండు. ఒకటి వేలుతోని రుద్దే ఫోను. ఇంకోటి దానికి సగముంటది, ముంగట చిన్న తెర, కింద గట్టి బటన్లు. "గిది ప్లేయరమ్మా. ఫోన్లు రావు దీంట్ల. పాటలు, కథలు, సినిమాలు జూడొచ్చు. వెనుక కెమెరా గూడ ఉంది" అన్నడు.

ధర అడిగిన. ఫోను ఏడు వేలకు కొద్దిగ తక్కువ. ప్లేయరు అండ్ల పావు వంతు గూడ లేదు.

"గింత తేడా ఏంది భాయ్? కథలు రెండిట్ల వస్తయంటివి, కెమెరా రెండిట్ల ఉందంటివి."

"ఎద్దుకు రెండు కండ్లే, గద్దకు రెండు కండ్లే అమ్మా. రెండు ఒక్కతీర్గ జూస్తయా?"

"నా ముంగట జూపెట్టు, నేను జెప్త."

నన్ను దుకాణం బయట ఎండల నిలవెట్టి రెండిటితోని తీసిండు. రెండు ఫొటోలు పక్కపక్కన వట్టిండు. ఫోన్ల నేను ఎట్లున్ననంటె, ముడుతలన్ని ఉన్నయి, దవడ మీద పులిపిరి ఉంది, రైక భుజం కాడ కుట్టు ఊడింది గూడ ఉంది. ప్లేయర్ల ముడుతల్లేవు, పులిపిరి లేదు. నున్నగ, పదేండ్లు తక్కువున్న ఆడిది నిలవడ్డది.

"గీ ఫోను నా మీద పగవట్టినట్టుంది గద భాయ్."

నవ్విండు. "ఉన్నది ఉన్నట్టు తీస్తదమ్మా. గిది చిన్నది, దానికి ఆనింది తీస్తది. తెర చిన్నగున్నది గనక మంచిగనే కనవడ్తది."

తర్వాత ఫోను నా చేతుల వెట్టి రుద్దుమన్నడు. రుద్దిన. కదలలే. ఇంకో వేలు వెట్టిన. అదీ గంతే. బురదల చేతులు వెట్టి వెట్టి, వేళ్ళ కొసలు మొద్దువారి అరిగిపోయినయి. రేషను దుకాణంల మిషన్ గూడ నా వేలు వట్టది, చీరెకొంగుకు తుడిచి తుడిచి ఎన్నిసార్లు పెడ్తనో. నా వేలికే కదలనిది, అక్క వేలికి కదుల్తదా? అక్కవి నాకంటె ముదురు చేతులు. ప్లేయరు బటన్ వత్తితే కటక్కుమని సప్పుడొచ్చింది. పానం నిమ్మళమైంది. చార్జింగ్ గూడ అదే ఎక్కువొస్తదట.

భాయ్ మంచోడు. ఎక్కువ ధరది అమ్ముకునేటందుకే చెప్పిండో, నా మంచికే చెప్పిండో గాని చెప్పిండు. "అమ్మా, నీకు కథ ముఖ్యమా, ఫొటో ముఖ్యమా? ఫొటో అయితే ఫోను తీస్కపో. దీని కెమెరా ఎండ ఉంటేనే జూస్తది, చీకట్ల దానికి ఆనది."

"మా దిక్కు ఎండకేం తక్కువ భాయ్?"

"గదీ నిజమే" అన్నడు. కార్డు నిండ కథలు ఎక్కిచ్చి ఇచ్చిండు.

అక్కకు చూపెడితే ముందుగాల వాసన జూసింది. "ఏందే గిది, సబ్బుల పెట్టెనా?" అన్నది. బటన్ వత్తి చెవి కాడ వెట్టిన. డోలు సప్పుడు మొదలైంది. అక్క మొఖం ఎట్లయిందో చెప్త అంటే, ఆ చీకట్ల నాకు కనవడలే. గొంతు మాత్రం ఇనవడ్డది. "అన్నగాడు వచ్చే కథ ఉన్నదా అండ్ల?" అనడిగింది.

"ఉంది."

"అయితే బతికిన."

ఆ పొద్దు నుంచి ప్లేయరు అక్కదే అయింది. చెవి కింద వెట్టుకొని పండుకునుడు, లేస్తనే వత్తుడు. బటన్లు నాకంటె ముందు అక్కకు వచ్చినయి. అన్నగాడు వచ్చిన జాగల "థూ, నీ బతుకు జెడ" అని ఉమిసుడు అక్క పని, అది తుడుసుడు నా పని. ఫొటో తీద్దామంటె ఆ సామాను నా చేతికి వస్తే గద? చార్జింగ్ పెట్టాలె అని అబద్ధమాడి గుంజుకుంటుంటి. దూరం నిలవడి మంచం దిక్కు వట్టి వత్తుతుంటి.

ఫొటో నల్లగ వచ్చేది. ఉత్త నలుపు. బొగ్గుల బస్తాల చెయ్యి వెట్టినట్టు. బల్బు ఏసి తీసిన. ముక్కు తెల్లగ మెరిసింది, మిగిలిందంతా పసుపు నీళ్ళు. తలుపు బార్ల తీసి, మంచాన్ని కొంచెం జరిపి తీసిన. చెంప ఒకటి వచ్చింది, కండ్లు రాలే. నాకు కావాల్సింది కండ్లే.

"ఏం జేస్తున్నవే దాన్ని నా మొఖం మీద వట్టి?"

"సిగ్నల్ ఉందా అని."

"కథలకు సిగ్నల్ ఎందుకే? నాకు రోగం వచ్చింది కడుపులనే, నెత్తిల గాదు."

భాయ్ మాట యాదికి వచ్చింది. ఫోను తెచ్చేదుంటే ఆ చీకట్లనే, అక్క నిద్రల ఉన్నప్పుడో కథల ఉన్నప్పుడో తీసి పడేస్తుంటి. తేలే. దొరికినదానితోనే చెయ్యాలె. కెమెరా లోపటికి చూడకుంటే అక్కనే బయటికి రావాలె.

చలికాలం మొదలైంది. అక్క కాళ్ళు సల్లవడ్తున్నయి. ఎండ కాపితే నీరు గుంజుతదని సాకు దొరికింది. ఒక పొద్దు నీళ్ళు కాపి మొఖం కడిగిన. తల దువ్వి సిగేసిన. నా బిడ్డ దసరాకు తెచ్చిన వంకాయరంగు చీరె మడత గూడ విప్పకుంట పెట్టెల ఉండె, అది కట్టిన. ఫొటోల మంచిగుండాలె గదా.

"పెండ్లా ఏందే నాకు?" అన్నది అక్క.

"ఎండల కాసేపు పండుకో. పాత చీరెల మనుషులు జూస్తె బాగుండది."

పక్కింటి వదినెను పిలిచిన. వదినె, ఆమె మొగడు, ఇంకో ఇద్దరు వచ్చి మంచం నాలుగు కోళ్ళు వట్టిన్రు. ఎందుకని ఎవ్వలు అడగలే. వదినె చీరె దిక్కు జూసింది, సిగ దిక్కు జూసింది, నా మొఖం దిక్కు జూసి తల వంచుకున్నది. గదెందుకో నేను పట్టిచ్చుకోలే. నా మతి అంతా ఎండ మీద ఉండె. ఇంటి నీడ జరిగి వాకిట్ల ఎండ సగం వడ్డది. అండ్లనే మంచం దించుమన్న.

మా దిక్కు ఇంట్ల పానం పోనియ్యరు. తిథి మంచిది గాకుంటె ఇల్లు నెలలకు నెలలు మూసిపెట్టాలె, దీపం గూడ పెట్టొద్దు. అందుకని ఇగ ఆఖరి గడియ అనంగనే మొఖం కడిగి, మంచి చీరె కట్టి, మంచం వాకిట్లకు తెస్తరు. గిది చిన్న పిల్లలకు గూడ ఎరుకైన సంగతి. నాకూ ఎరుకే, ఎందరి మంచాలు మోసిననో. కాని ఆ పొద్దు నా చేతులు వాటంతట అవే అన్ని పనులు వరుసగ జేసినయి, నేను కెమెరా గురించి ఆలోచించుకుంట ఉన్న.

ఒక్కొక్కలు వచ్చుడు మొదలైంది. ముందు ఎదురింటోళ్ళు. తర్వాత గల్లీ మూలమీది ముసలామె, కొంగు నోట్ల వెట్టుకొని. కథ బంద్ జేసి ప్లేయరు నా చేతుల వట్టుకొని నేను మంచానికి ఆ దిక్కు ఈ దిక్కు తిరుగుతున్న, నా నీడ అక్క మీద వడకుంట జాగ దేవులాడుతున్న. ముసలామె శోకం మొదలువెట్టింది. "పొద్దుగాల లేపితివి గదా బిడ్డా" అని రాగం తీసింది. వదినె చెంబుల నీళ్ళు తెచ్చి మంచం తలాపున కూసున్నది. ఆఖరికి గొంతుల పోసే నీళ్ళు.

అక్క ఎండకు కండ్లు మూసుకొని ఉంది. ఆ శోకానికి కండ్లు తెరిచింది. ముసలామెను జూసింది. చెంబును జూసింది. మీదున్న చీరెను చేత్తోని తడిమి జూసింది. తర్వాత నా దిక్కు జూసింది.

కండ్లు బార్ల తెరుసుకొని ఉన్నయి, ఎండ సక్కగ మొఖం మీద వడ్డది. నా వేలు వత్తింది. కటక్కు.

"అయిపాయెనా నా పని?" అనడిగింది అక్క. గొంతు పెద్దగ లేదు. ఆ గొంతుతోని అక్క నన్ను ఎన్నడూ ఏమి అడగలే.

"లేదక్కా."

"మరి గీళ్ళెందుకొచ్చిన్రు?"

ముసలామె రాగం ఆపింది.

"నన్ను బయటెందుకు వెట్టిపిచ్చినవే?"

ఎండ కోసం అంటే నమ్మది, అక్క గడుసుది. ఫొటో కోసం అంటే, ఆ మాటకు ఈ మాటకు తేడా ఏముంది? రెండిట్ల ఏది చెప్పినా నువ్వు పోతున్నవనే చెప్పినట్టు. కాని అక్కకు నేను ఆ గడియల అబద్ధం చెప్పలేకపోయిన.

"ఫొటో కోసం" అన్న. "నీ మొఖం నాకు ఉండాలె. లోపట తీస్తే దీనికి ఆనుతలేదు."

వదినె చెంబు నేల మీద గట్టిగ వెట్టింది, నీళ్ళు చిందినయి. "నీ పాడుగాను, ఫొటో కోసమా! మా గుండెలు ఆగిపోయినయి గదనే!"

"ఇటియ్యి, జూస్త" అన్నది అక్క.

తెర మీద ఫొటో వెట్టి ఇచ్చిన. ఎండకు కనవడకుంటె కొంగు అడ్డం వెట్టుకొని దగ్గరికి తెచ్చుకొని జూసింది. చానసేపు జూసింది. తిడ్తదనుకున్న. చేతుల ఉన్నది నా మీదికి ఇసురుతదనుకున్న.

"అమ్మ" అన్నది.

నాకు అర్థంగాలే.

"అమ్మ గిట్లనే జూసిందే. బయట వెట్టిన్నాడు. నన్ను నీళ్ళు తెమ్మన్నరు. నేను బిందె ఎత్తుకొని వచ్చెటాల్లకు వాకిట్ల వెట్టిన్రు. అమ్మకు తెలివి ఉంది. అందరి దిక్కు గిట్ల జూస్తాంది, ఎందుకు వెట్టిన్రు అన్నట్టు. నా దిక్కు గూడ జూసింది. నేనేం జెప్త? నువ్వు నా సంకల ఉంటివి." ప్లేయరు నా చేతికి ఇచ్చింది. "కండ్లెట్లుండె, కండ్లెట్లుండె అని పానం తింటుంటివి గదా. గిట్లుండె. జూసుకో."

జూసిన. అరచేతిల తెర. వంకాయరంగు చీరె మసకగ ఉంది, మంచం పట్టె కాడ వదినె చెయ్యి సగం ఉంది. కండ్లు మాత్రం ఉన్నయి.

అక్కను ఇంట్లకు తీస్కపోదాం పట్టుండ్రి అన్న. ఎవ్వలు కదలలే. బయట వెట్టిన మనిషిని మల్ల గడప దాటిచ్చుడు మంచిది గాదట. వదినె మొగడు గోడ దిక్కు జూసుకుంట ఈ మాట చెప్పిండు. నేను నాలుగు మాటలు గట్టిగనే అన్న. మంచం ఒక్కదాన్నే గుంజవోయిన. అక్కనే ఆపింది.

"ఉండనియ్యే. నలుగురు మోసిన్రు, దించిన్రు. మల్ల లోపటికి, మల్ల బయటికి, ఎందుకు వాళ్ళ నడుములు ఇరగ్గొట్టుడు? ఈన్నే మంచిగుంది. ఎవలన్న కనవడ్తరు."

వడ్ల మీద కప్పే పరద తెచ్చి మంచం మీద పందిరి లెక్క కట్టిన. బొంతలు రెండు ఏసిన. చలికి అక్క దవడలు కొట్టుకుంటుంటె నేను లోపల పండుకోలేక కింద చాప ఏసుకున్న. బాపు కట్టిన ఇల్లు తలుపు తీసి ఉత్తగనే ఉంది, ఇద్దరం దాని ముంగట.

తొవ్వల పోయేటోళ్ళు ఆగి జూసేది. అక్క ఊకునే రకమా? "ఇంకా ఉన్ననే, పనిచూసుకొని రాపో" అని పిలిచి చెప్పేది. చెంబు తెచ్చిన వదినె వస్తే, "నీళ్ళేవే? మర్చిపోయొచ్చినవా?" అని అడిగేది. వదినె ఒకనాడు నవ్వేది, ఒకనాడు ఏడ్చేది. కథలు ఇనుడు తగ్గింది. ప్లేయరు వట్టుకొని ఫొటో జూసుకుంట ఉండేది. తననే జూసుకుంటుందో అమ్మనే జూసుకుంటుందో నేను అడగలే.

ఒక పొద్దు నేను పొయ్యి కాడ జావ కాస్తున్న. వాకిట్ల కథ నడుస్తాంది. అన్నగాడు వచ్చిండు, చెల్లెకు మాయమాటలు చెప్తుండు. జావ కలుపుకుంటనే నేను అక్క ఉమిసే సప్పుడు కోసం ఆగిన. అన్నగాడి మాటలు అయిపోయినయి, డోలు మొదలైంది. అక్క తిట్టలే. చెంచ అట్లనే గిన్నెల ఇడిసి లేసిన.

నీళ్ళు పొయ్యలేదని వదినె ఇప్పటికీ బాధవడ్తది.

దినాలకు పెద్ద ఫొటో కావాలె. ప్లేయర్ల కార్డు తీస్కొని దేవరకొండ స్టూడియోకు పోయిన. ఆయన కంప్యూటర్ల ఏసి ఫొటోను పెద్దగ జేసుకుంట పోయిండు. పెద్దగైన కొద్ది అక్క మొఖం పగిలింది. జొన్నలు ఆరబోసినట్టు చిన్న చిన్న గడులైంది. కండ్లు ఏడ వోయినయో తెలుస్తలేదు.

"ఏ ఫోన్ల తీసిన్రమ్మా?"

"ఫోను గాదు. పాటల ప్లేయరు."

"గందుకే. దీంట్ల సత్తువ లేదు. ఆధార్ కార్డు తెచ్చినవా? మొఖం దాంట్లకెల్లి తీస్త, కండ్లు తెరిపిస్త, పట్టుచీరె వెడ్త. మంచిగుంటది, జూడు." గోడ మీద ఆయన చేసిన ఫొటోలు చూపెట్టిండు. ముగ్గురు ముసలవ్వలు ఉన్నరు, మూడు ఊర్లోళ్ళు గావొచ్చు. ముగ్గురిదీ ఒక్కటే చీరె, ఒక్కటే మెడ, ఒళ్ళె వెట్టుకున్నయి ఒక్కటే చేతులు. సన్నటి, తెల్లటి చేతులు. నాటు ఏసిన చేతులు గావు అవి.

"వద్దు. ఉన్నది ఉన్నట్టు ఎంత పెద్దగొస్తదో గంత తియ్యి."

అరచెయ్యంత వచ్చింది. దాన్నే అద్దం కట్టిపిచ్చిన. దినాలకు వచ్చినోళ్ళు దండ జూసి దగ్గరికి వచ్చి, ఒంగి, ఎవలిదా అని జూసి పోయిన్రు. దండ పెద్దదైపోయి ఫొటో కనవడలే. నేనే కొంచెం తుంపి చిన్నగ జేసిన.

ఇప్పుడు నా కాడ ఫోనుంది. బిడ్డ కొత్తది కొనుక్కొని పాతది నాకిచ్చింది. దాని పైన ఏసిన అద్దం కాగితం మంచిదేమో, నాలుగుసార్లు రుద్దితే నా వేలు వడ్తది. ఆ ప్లేయరు ఏనాడో సచ్చిపోయింది, చార్జింగ్ ఎక్కదు. ఫోన్ల కెమెరా గద్ద కన్నే. గోడ మీది అక్క ఫొటోను దానితోని తీసిన, పెద్దగొస్తదేమోనని. మస్తు సాఫ్‌గ వచ్చింది. అద్దం మీది దుమ్ము, చట్రం మీది గీత, అన్నీ వచ్చినయి. అక్క మొఖం మసక మసక ఉన్నది ఉన్నట్టే వచ్చింది.

మొన్న వాకిట్ల నిలవడి నా ఫొటో నేనే తీసుకుంటుంటె వదినె జూసింది.

"ఏం జేస్తున్నవే?"

"నాది తీస్తున్న. పోయినంక గోడకు. నన్నెవలు ఎండల వెట్టే పని లేకుంట."

"నీ నోట్ల మన్నువడ, పొద్దుగాల అపశకునం మాటలు" అని ఉమిసి లోపటికి పోయి తలుపేసుకున్నది.

నేను గిన్నెలు తోముకున్న. పొద్దు కొంచెం ఎక్కినంక తలుపు సందులకెల్లి పిలిచింది. పోయి జూస్తె మంచి చీరె కట్టుకొని, తల దువ్వుకొని, అర్రల మంచం మీద కూసోని ఉంది. ఇంట్ల ఇంకెవ్వలు లేరు, మొగడు సచ్చిపోయి రెండేండ్లాయె.

"నాది గూడ తియ్యి" అన్నది.

"వాకిట్లకు రా మరి. ఎండల మంచిగొస్తది."

లేసింది, గడప దాంక వచ్చింది. బయట వాకిలి దిక్కు జూసింది. వదినె వాకిలీ మా వాకిలీ ఒక్కటే, నడుమ గోడ లేదు. అక్క మంచం వెట్టిన జాగ ఆన్నే. వెనుకకు మర్లి మంచం మీద కూసున్నది.

"బయటికి రాను. గీ ఫోనుకు చీకట్ల ఆనుతదంటివి గదా, ఈన్నే తియ్యి."

బలవంతం జెయ్యలే. తలుపు దగ్గరికేసి, చీకట్ల నిలవడి, నాలుగుసార్లు రుద్ది తీసిన. మంచిగనే వచ్చింది. కండ్లు గూడ వచ్చినయి.